ఓత్సు యువరాజు నిజంగానే కుట్ర చేశాడా? (686, జపాన్)

గోదారిగట్టు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా అమ్మాయి కాలేజీలో జపనీస్ నేర్చుకుంటోంది. మొన్న సెలవులకి వచ్చినప్పుడు ఒక పాత పద్యం చదివి భావం చెప్పింది. "ఇవరె చెరువులో అరుస్తున్న అడవి బాతుల్ని ఈ ఒక్క రోజే చూసి, ఇక మబ్బుల్లో మరుగైపోతానా" అని. చెప్పినవాడు ఓత్సు అనే యువరాజు. రాజద్రోహం మోపి చంపబోతుంటే చెరువు గట్టున నిలబడి కన్నీళ్ళతో చెప్పాడట. అప్పటికి ఇరవై నాలుగో ఏడు.

అప్పటి నుంచి ఆ బాతులు నా బుర్రలోంచి పోవట్లేదు. చావు ఎదురుగా ఉంటే మనిషికి బాతుల మీదికి చూపు పోతుందా? చదువుదామని కూర్చుంటే అన్నీ ఒకేలాంటి పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక తల తిరిగింది. తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి. ఇతను నిజంగా కుట్ర చేశాడా, ఇరికించారా?

పాతపుటలు | శనివారం, రాత్రి 10:25

మంచి చర్చ మొదలుపెట్టారు. ముందు ఒక చిన్న సవరణ. ఓత్సు యువరాజు కాదండీ, రాకుమారుడు. యువరాజు వేరే ఉన్నాడు, కుసకబె అని. గొడవంతా ఆ ఒక్క మాట దగ్గరే ఉంది.

చుట్టరికాలు మన వాడుకలో చెప్తాను, అలాగైతేనే తలకెక్కుతాయి. అన్నదమ్ములిద్దరు. అన్న తెంజి చక్రవర్తి, తమ్ముడు తెన్ము చక్రవర్తి. అన్న తన కూతుళ్ళు నలుగురిని తమ్ముడికే ఇచ్చి పెళ్ళి చేశాడు. (మేనమామ పెళ్ళి మనకి కొత్త కాదు గానీ, అన్న కూతురంటే మనకి కూతురే. అక్కడి రాజకుటుంబంలో అప్పట్లో అది మామూలు.) ఆ నలుగురిలో ఓత, ఉనొ అని ఒకే తల్లి బిడ్డలు ఇద్దరున్నారు. అక్క ఓతకి ఇద్దరు పిల్లలు. 661లో పుట్టిన కూతురు ఓకు, 663లో పుట్టిన కొడుకు ఓత్సు. చెల్లెలు ఉనొకి ఒక్కడే కొడుకు, 662లో పుట్టిన కుసకబె. తర్వాత జితో అనే పేరుతో సింహాసనం ఎక్కిన మహారాణి ఈ ఉనొనే. అంటే జితో ఓత్సుకి సొంత పిన్ని, సవతి తల్లి కూడా.

ఈ పిల్లలు ముగ్గురూ దండయాత్ర దారిలో పుట్టినవాళ్ళే. అప్పట్లో కొరియాలో పెక్చే రాజ్యానికి సాయం చేద్దామని రాజకుటుంబం మొత్తం పడవలెక్కి పడమటికి కదిలింది. ఓకు దారిలో బిజెన్ తీరం దగ్గర సముద్రం మీద పుట్టింది, ఆ చోటు పేరే పెట్టారు. ఓత్సు పుట్టిన ఏడే హకుసుకినొఎ దగ్గర జపాన్ నౌకలు చిత్తుగా ఓడిపోయాయి.

ఇక అసలు ముడి. తల్లి ఓత పిల్లల చిన్నతనంలోనే పోయింది. ఆవిడే బతికుంటే అక్క గనక పట్టమహిషి అయ్యుండేది, ఓత్సు యువరాజు అయ్యుండేవాడు. పోయింది కాబట్టి చెల్లెలు పట్టమహిషి, చెల్లెలి కొడుకు యువరాజు.

చింతకాయ | శనివారం, రాత్రి 10:41

మన రామాయణంలో కైక కావాలని చేయించింది, ఇక్కడ అక్క ముందు పోవడంతో దానంతటదే జరిగిపోయిందన్నమాట.

పైన ఎవరైనా శీర్షిక మార్చండి బాబూ, "యువరాజు" అనే ఉంది.

గోదారిగట్టు | శనివారం, రాత్రి 10:50

మార్చడం రావట్లేదు. ఆ పదవి ఆయనకి నా శీర్షికలోనైనా దక్కనివ్వండి.

పాతపుటలు గారూ, ఓత్సు అంటే బివా సరస్సు పక్కనున్న ఓత్సు నగరమేనా? తెంజి రాజధాని అదే కదా?

పాతపుటలు | శనివారం, రాత్రి 11:05

చాలామంది పొరబడేది అక్కడే. ఓత్సు అంటే పెద్ద రేవు అని అర్థం. ఈయన పేరు క్యూషూలో, ఇప్పటి హకత దగ్గరి రేవు నుంచి వచ్చింది. బివా ఒడ్డున ఉన్నది వేరే ఓత్సు. విచిత్రం ఏంటంటే ఈయన చిన్నప్పుడు ఉన్నది ఆ రెండో ఓత్సులోనే, తాత దగ్గర. తెంజికి ఈ మనవడంటే ప్రాణమని నిహోన్ షోకిలో (ఆస్థానం రాయించిన పాత జపాన్ చరిత్ర గ్రంథం) ఉంది.

తాత పోయాక 672లో కుటుంబం రెండుగా చీలింది. తెంజి కొడుకు ఓతొమొ ఒకవైపు, తమ్ముడు తెన్ము ఇంకోవైపు. పదేళ్ళ ఓత్సు శత్రువు రాజధానిలో ఇరుక్కుపోయాడు. కొందరు మనుషులు అతన్ని అక్కడి నుంచి తప్పించి, ఇసె దేశం వైపు సాగుతున్న తండ్రి దగ్గరికి చేర్చారు. నెల రోజుల యుద్ధంలో తెన్ము గెలిచాడు. బాబాయి చేతిలో ఓడి ఓతొమొ ప్రాణం తీసుకున్నాడు.

ఆ భయం తెన్ముని వదల్లేదు. 679లో యొషినోకి ఆరుగురు రాకుమారుల్ని తీసుకెళ్ళి ఒట్టు వేయించాడు. తల్లులు వేరైనా ఒకే తల్లి బిడ్డల్లా ఉంటాం, ఒకరినొకరు కాపాడుకుంటాం, మాట తప్పితే నాశనమైపోతాం అని. తర్వాత ఆరుగురినీ గుండెకి హత్తుకుని తానూ అదే ఒట్టు వేశాడు. పట్టమహిషి కూడా వేసింది. ఆరుగురిలో కుసకబె, ఓత్సు, తకెచి తన కొడుకులు. కవషిమ అనే అతను తెంజి కొడుకు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

లాయరుబాబు | ఆదివారం, ఉదయం 7:15

పొద్దున్నే చూశాను. కథ బాగుంది గానీ నాకు తేదీలు కావాలి. నిహోన్ షోకి ప్రకారమే, అన్నీ వాళ్ళ చాంద్రమాన లెక్కలో:

681లో కుసకబె యువరాజయ్యాడు. 683లో ఓత్సు కూడా రాజకార్యాలు చూడటం మొదలుపెట్టాడు. 686 తొమ్మిదో నెల 9న తెన్ము పోయాడు. 24న యువరాజు కుసకబె మీద ఓత్సు కుట్ర తలపెట్టాడని ఒక్క వాక్యం. పదో నెల 2న విషయం బయటపడింది, ముప్పై మందికి పైగా పట్టుబడ్డారు. 3న ఓత్సుకి వొసదలోని ఇంట్లోనే మరణశిక్ష.

పట్టుకున్న మర్నాడే చంపేశారు. విచారణ లేదు, వాంగ్మూలం లేదు, ఏం కుట్రో, ఏ ఆయుధాలో, ఎక్కడ సమావేశమయ్యారో ఒక్క ముక్క లేదు. నేను వాదించే కోర్టులో చార్జిషీటు ఇలా వస్తే జడ్జిగారు మొహాన కొడతారు.

ఇంకా చూడండి. అదే నెల 29న జితో ఆజ్ఞ వచ్చింది: "ఓత్సు మోసపుచ్చడం వల్ల వాళ్ళు అలా చేశారు, ఓత్సు పోయాడు, మిగతావాళ్ళని వదిలేయండి." ఒక్క సేవకుణ్ణి ఇజుకి పంపేశారు, గ్యోషిన్ అనే సిల్లా దేశపు భిక్షువుని హిద ప్రాంతంలో ఒక గుడికి పంపారు. అంతే. రాజద్రోహంలో పాలుపంచుకున్న ముప్పై మందిని నెల తిరక్కుండా వదిలేస్తారా? పట్టుబడినవాళ్ళలో ఇకి నొ హకతొకొ తర్వాత తైహో శాసనం (దేశపు చట్టాల సంపుటి) రాసినవాళ్ళలో ఒకడు. నకతొమి నొ ఒమిమరొ ఏకంగా పెద్ద మంత్రి స్థాయికి ఎదిగాడు. నా మాట ఒకటే, కావలసింది ఒక్కడి తల, అది దొరికింది, ఫైలు మూసేశారు.

పాతపుటలు | ఆదివారం, ఉదయం 8:30

లాయరుగారూ, సగం ఒప్పుకుంటాను. కానీ మీరు ఒకవైపే వాదిస్తున్నారు.

751లో కూర్చిన కైఫూసో అనే చైనీస్ పద్యాల సంకలనం ఉంది. అందులో ఓత్సు చరిత్ర చిన్నది ఉంది. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, చిన్నప్పుడు చదువంటే ఇష్టం, పెద్దయ్యాక కత్తి బాగా తిప్పేవాడు, నియమాలకి లొంగేవాడు కాదు, రాకుమారుడైనా దిగివచ్చి మనుషుల్ని గౌరవించేవాడు, అందుకే జనం అతని చుట్టూ చేరారు అని. ఆ చేరినవాళ్ళలో గ్యోషిన్ ఒకడు. సాముద్రికం చూసి ఏమన్నాడంటే, "నీ ఎముకల తీరు సేవకుడిది కాదు. ఇలాగే కింద ఎక్కువ కాలం ఉంటే నీ ఒంటికి క్షేమం ఉండదు." ఆ మాట చెవిన వేసుకోబట్టే చెడ్డాడని ఆ సంకలనకర్త బాధపడ్డాడు. అంటే డెబ్బై ఏళ్ళు కూడా నిండకముందే, ఓత్సు మీద అభిమానం ఉన్నవాళ్ళు కూడా కుట్ర జరిగిందనే నమ్మారు.

విషయం బయటపెట్టిందెవరో నిహోన్ షోకి చెప్పదు. కైఫూసో చెప్తుంది, కవషిమ. నిన్న గుర్తుపెట్టుకోమన్న పేరు. ఓత్సుకి ప్రాణస్నేహితుడు. ఆస్థానం అతని విశ్వాసాన్ని మెచ్చుకుంది, స్నేహితులు మాత్రం మమకారం లేని మనిషన్నారు.

చింతకాయ | ఆదివారం, ఉదయం 8:52

ఆగండాగండి. కవషిమ తెంజి కొడుకు. ఓత్సు అమ్మ తెంజి కూతురు. అంటే మేనమామే పట్టించాడా?

పాతపుటలు | ఆదివారం, ఉదయం 9:01

మేనమామే. తల్లులు వేరనుకోండి. ఇంకా ఉంది, ఓత్సు భార్య యమనొబె కూడా తెంజి కూతురే. అంటే కవషిమ బావమరిది కూడా. మన లెక్కలో ఆమె ఓత్సుకి పిన్ని వరస, అది వదిలేయండి. ఓత్సుని చంపిన రోజు ఆమె జుట్టు విరబోసుకుని, కాళ్ళకి ఏమీ లేకుండా పరుగెత్తుకొచ్చి అతనితోపాటే చనిపోయింది. చూసినవాళ్ళంతా వెక్కివెక్కి ఏడ్చారని నిహోన్ షోకిలోనే ఉంది.

ఆ పుస్తకం పూర్తయింది 720లో. అప్పుడు సింహాసనం మీద ఉన్న గెన్షో మహారాణి కుసకబె కూతురు, జితో మనవరాలు. గెలిచినవాళ్ళ ఇంట్లో రాసిన పుస్తకం అది. అందులోనే, ద్రోహి అని రాసిన పేజీలోనే, ఓత్సు మాట స్పష్టమని, విద్వాంసుడని, ఈ దేశంలో చైనీస్ పద్యరచన వర్ధిల్లడం అతనితోనే మొదలైందని రాశారు. రాసిన గుమాస్తా ఎవరో గానీ, ఆ నాలుగు ముక్కలూ చేర్చకుండా ఉండలేకపోయాడు.

గోదారిగట్టు | ఆదివారం, ఉదయం 10:10

యమనొబె సంగతి చదివి టిఫిన్ సహించలేదు.

ఆ బాతుల పద్యం గురించి ఎవరూ మాట్లాడలేదేం?

శారదక్క | ఆదివారం, మధ్యాహ్నం 2:20

నేను చరిత్ర మనిషిని కాదు, తెలుగు పంతులమ్మగా రిటైరయ్యాను. మన్యోషూ అనే పాత జపనీస్ పద్యాల సంకలనాన్ని రెండేళ్ళుగా అనువాదాల ద్వారా, తర్వాత కొంచెం కొంచెం మూలం నుంచి చదువుకుంటున్నాను. గోదారిగట్టు గారూ, మీకు కొంచెం కష్టం కలిగించే మాట చెప్తాను, ఏమనుకోకండి.

ఆ పద్యంలో చివరి మాట "కుమొగకురి", మబ్బుల్లో మరుగవడం. రాజవంశీకులు పోతే ఇతరులు గౌరవంగా చెప్పే మాట అది. మనం "పరమపదించారు" అంటాం. ఎవరైనా తన గురించి తాను "రేపు నేను పరమపదిస్తాను" అంటారా? అందుకే అది ఓత్సు సొంత పద్యం కాదని, తర్వాత ఎవరో అతని నోట పెట్టారని చాలామంది పండితులు అంటారు. కైఫూసోలో అతని మరణ పద్యం ఇంకొకటి ఉంది, చైనీస్‌లో. పొద్దు పడమటి ఇళ్ళ మీద వాలిందని, సాయంత్రపు డప్పు ఆయువుని తొందరపెడుతోందని, పాతాళం దారిలో అతిథీ లేడు ఇంటాయనా లేడని, ఈ రాత్రి ఇల్లు విడిచి ఎక్కడికి పోతున్నానని. చాలా గొప్పగా ఉంటుంది. కానీ దాదాపు ఇదే పద్యం చైనాలో చెన్ వంశపు చివరి రాజు పేర ఉంది. 1456లో కొరియాలో మరణశిక్షకి బలైన సొంగ్ సమ్మున్ పేర కూడా ఇలాంటిదే ఉంది. చంపబడే మంచివాళ్ళందరికీ జనం ఒకే పద్యం తొడిగేశారు.

అయితే అతని గొంతు పూర్తిగా పోయిందా అంటే, లేదు. ప్రేమ పద్యాల్లో ఉంది. ఇషికవ అనే అమ్మాయి కోసం కొండ పక్కన ఎదురుచూసి, "కొండ మీంచి రాలే నీటి చుక్కల్లో నీకోసం నిలబడి తడిసిపోయాను, ఆ కొండ చుక్కల్లో" అన్నాడు. ఒకే మాట రెండుసార్లు, చలికి వణుకుతూ సణిగినట్టు. దానికి ఆ పిల్ల జవాబు చూడండి: "నాకోసం నువ్వు తడిసిన ఆ కొండ చుక్కలు నేనే అయ్యుంటే ఎంత బాగుండేది." మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

చింతకాయ | ఆదివారం, మధ్యాహ్నం 2:48

అక్కా, అమ్మాయి రాలేదు, సారీ చెప్పలేదు, కానీ మనోడు ఫ్లాట్.

శారదక్క | ఆదివారం, మధ్యాహ్నం 3:05

అల్లరి పిల్లాడా, అసలు కథ తర్వాతి పద్యంలో ఉంది. ఆ ఇద్దరి రహస్యాన్ని త్సుమొరి అనే జ్యోతిష్కుడు ప్రశ్న చూసి బయటపెట్టాడు. దానికి ఓత్సు సిగ్గుపడలేదు. "త్సుమొరి ప్రశ్నలో బయటపడుతుందని తెలిసే, బాగా తెలిసే, మేమిద్దరం కలిసి పడుకున్నాం" అన్నాడు. ఆ వెంటనే మన్యోషూలో ఉన్నది ఎవరి పద్యమో తెలుసా? యువరాజు కుసకబెది. ఇషికవ ఇంటి అమ్మాయికే. నిన్ను క్షణమైనా మరిచిపోతానా అని. దానికి జవాబు పద్యం అక్కడ లేదు.

లాయరుబాబు | ఆదివారం, సాయంత్రం 5:30

ఇదిగో, ఉద్దేశం కూడా దొరికింది. జ్యోతిష్కుణ్ణి పెట్టి ఒక రాకుమారుడి పడకగదిలో ఏం జరుగుతుందో కనుక్కుంటున్నారంటే అతని మీద నిఘా ఉన్నట్టే.

పాతపుటలు | ఆదివారం, సాయంత్రం 6:15

పద్యాల వరసని సాక్ష్యంగా తీసుకోకండి. మన్యోషూని కూర్చినవాళ్ళు వాటిని కథలాగా పక్కపక్కన పేర్చారు. అవి ఏ ఏడు చెప్పినవో అందులో లేదు.

జితోని ఒట్టి విలన్‌ని చేస్తే నాకు నచ్చదు. కొడుకుని గద్దెనెక్కించడానికే అక్క కొడుకుని చంపించి ఉంటే వెంటనే పట్టాభిషేకం చేయాలి కదా? చేయలేదు. తెన్ము అంత్యక్రియల తంతు 688 దాకా సాగింది. 689లో కుసకబె కూడా పోయాడు, ఇరవై ఎనిమిదో ఏట. 690లో ఆవిడే సింహాసనం ఎక్కి, 697లో మనవడికి అప్పజెప్పింది. భూమి లెక్కలు, శాసనాలు, ఫుజివర రాజధాని అన్నీ ఆవిడ హయాంలోవే.

ఓత్సు వైపు అనుమానించాల్సింది ఒకటుంది. అతను రహస్యంగా ఇసె వెళ్ళాడు. లాయరుగారు ఆ ముక్క దాటేశారు.

లాయరుబాబు | ఆదివారం, సాయంత్రం 6:40

దాటలేదు, తోబుట్టువుని చూడటానికి వెళ్ళడం నేరం కాదని వదిలేశాను.

పాతపుటలు | ఆదివారం, సాయంత్రం 7:02

మామూలు తోబుట్టువైతే సరే. అక్క ఓకు అప్పుడు ఇసె ఆలయ సేవకి అంకితమైన రాజకన్య. 674లో, పద్నాలుగో ఏట పంపేశారు. పన్నెండేళ్ళుగా అక్కడే. ఇసె అంటే రాజవంశపు కులదేవత గుడి. సింహాసనం కోసం చూస్తున్నాడని పేరున్న రాకుమారుడు చెప్పాపెట్టకుండా అక్కడికి పోతే, దేవతకి ఏం మొక్కుకున్నాడో అని ఎవరైనా అడుగుతారు. అదీ తండ్రి పోయిన రోజుల్లోనే అయితే మరీనూ. (ఎప్పుడు వెళ్ళాడో మన్యోషూ చెప్పదు. అక్క చెప్పిన పద్యంలో శరత్తు కొండ ఉంది కాబట్టి ఆ తొమ్మిదో నెలే అని ఎక్కువమంది ఊహ.)

శారదక్క | ఆదివారం, రాత్రి 8:45

మీరిద్దరూ ఏమైనా వాదించుకోండి. వెళ్ళింది వీడ్కోలు చెప్పడానికే అని నాకనిపిస్తుంది. అక్క ఏమందో చూడండి.

"నా వాణ్ణి యమతొకి సాగనంపి, రాత్రి ముదిరి తెల్లవారుజాము మంచు కురుస్తుంటే, నిలబడే తడిసిపోయాను." (యమతొ అంటే రాజధాని ఉన్న ప్రాంతం.)

"ఇద్దరం కలిసి వెళ్ళినా దాటడం కష్టమైన శరత్తు కొండని, నువ్వొక్కడివే ఎలా దాటుతున్నావో."

తమ్ముడు ప్రేయసి కోసం కొండ చుక్కల్లో తడిశాడు. అక్క తమ్ముడి కోసం మంచులో తడిసింది. ఇది చదువుతుంటే మా తమ్ముడు మిలిటరీకి వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. బస్సు మలుపు తిరిగాక కూడా మా అమ్మ స్టాండులోనే నిలబడి ఉంది.

ఓత్సు పోయాక ఓకుని ఇసె నుంచి వెనక్కి పంపేశారు. పదకొండో నెలలో రాజధాని చేరింది. "ఇసెలోనే ఉండిపోవాల్సింది, ఎందుకొచ్చినట్టు, నువ్వే లేవు కదా" అని ఒకటి. ఇంకోదానిలో, చూడాలనుకున్న నువ్వే లేనప్పుడు రావడమెందుకు, గుర్రాలు అలసిపోవడం తప్ప అంటుంది. ఆ గుర్రాల దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది. ఏడవలేని మనిషి చెప్పే మాట అది.

తర్వాత తమ్ముడి శరీరాన్ని ఫుతకమి కొండ మీదికి మార్చి పాతిపెట్టినప్పుడు: "ఈ లోకపు మనిషిని నేను, రేపటి నుంచి ఫుతకమి కొండనే నా తోడబుట్టినవాడనుకుని చూస్తాను." అక్కడున్న మాట "ఇరొసె". ఒకే తల్లి కడుపున పుట్టినవాడని అర్థం. ఇంగ్లీషులో బ్రదర్ అని సరిపెట్టారు. సవతి తల్లి కొడుకూ బ్రదరే, కుసకబె కూడా బ్రదరే. మన భాషకి మాత్రం "తోడబుట్టినవాడు" సిద్ధంగా ఉంది. ఆవిడ ఆ మాటే ఎందుకు ఎంచుకుందో, పైన పాతపుటలు గారు చెప్పిన చుట్టరికాలు చదివాక ఇంకా బాగా అర్థమైంది.

ఒసాకా_అబ్బాయి | సోమవారం, ఉదయం 6:10

ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయలేదు, ఇప్పుడు రాయక తప్పదు. నేను ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాను. ఆ కొండ నేను రెండుసార్లు ఎక్కాను! ఇప్పుడు నిజో అంటారు. ఒసాకాకి, నారాకి మధ్య సరిహద్దు మీద ఉంటుంది. రెండు శిఖరాలు, మగ శిఖరం 517 మీటర్లు, ఆడ శిఖరం 474. నారా వైపు నుంచి చూస్తే విషువత్తు రోజుల్లో సూర్యుడు ఆ రెంటి మధ్యలో దిగుతాడని ఫొటోలు తీసేవాళ్ళు బారులు తీరతారు.

ఓత్సు సమాధి మగ శిఖరం దగ్గరే ఉంది. రాతి కంచె, లోపల మట్టి దిబ్బ మీద చెట్లు, రాజకుటుంబ వ్యవహారాల సంస్థ బోర్డు. మొదటిసారి ఎవరిదో తెలియక ఆ కంచె పక్కనే కూర్చుని పులిహోర తిన్నాను. ఇప్పుడు చాలా సిగ్గుగా ఉంది.

చింతకాయ | సోమవారం, ఉదయం 7:30

ఏం పర్లేదు బ్రో, 1300 ఏళ్ళుగా అన్నం బంతులే చూసి ఉంటాడు, పులిహోర కొత్త.

పాతపుటలు | సోమవారం, ఉదయం 9:15

అబ్బాయిగారూ, సమాధి నిజంగా అక్కడిదేనా అన్నది వేరే వాదన. కొండ దిగువన ఉన్న ఇంకో పాత సమాధి అతనిదై ఉండొచ్చనే వాళ్ళున్నారు. నారాలో యాకుషిజి ఆలయానికి ఎప్పుడైనా వెళ్ళారా? అక్కడ ఓత్సు కూర్చున్న చెక్క విగ్రహం ఉంది. చనిపోయాక అతను కోపంతో విషం కక్కే డ్రాగన్ అయ్యాడని, మంత్రాలతో శాంతింపజేశారని ఆ గుడి కథ. తమాషా ఏంటంటే ఆ గుడి 680లో తెన్ము మొక్కుకున్నది. ఎందుకు? భార్యకి జబ్బు చేస్తే తగ్గాలని. ఏ భార్య? జితో.

లాయరుబాబు | సోమవారం, ఉదయం 9:40

పిన్ని ఆరోగ్యం కోసం కట్టిన గుడిలో అబ్బాయి విగ్రహం. నా వాదన ఇక్కడితో ముగిస్తున్నాను. తీర్పు ఎవరు చెప్తారో చెప్పండి.

గోదారిగట్టు | సోమవారం, రాత్రి 9:05

నాకు తీర్పు వద్దు లెండి. ఒక్క సందేహం మిగిలింది. శారదక్కా, కొండ పద్యం తర్వాత ఓకుది ఇంకోటి ఉందని మా అమ్మాయి అంటోంది. ఏదో పువ్వు గురించి.

శారదక్క | సోమవారం, రాత్రి 9:50

ఉంది. "రాళ్ళ మీద పెరిగిన అషిబి కొమ్మ తుంచుదామంటే, చూపించడానికి నువ్వు ఉన్నావని ఎవరూ అనరే." దాని కింద మన్యోషూవాళ్ళే ఒక గమనిక రాసుకున్నారు. ఇది సమాధి మార్చినప్పటి పాటలా లేదు, బహుశా ఇసె నుంచి తిరిగొచ్చేటప్పుడు దారిలో పువ్వు చూసి చెప్పిందేమో అని. వాళ్ళకీ మనలాగే అనుమానాలు.

ఒసాకా_అబ్బాయి | మంగళవారం, రాత్రి 10:30

అక్కా, ఆ గమనిక తప్పనుకుంటా. ఆమె తిరిగొచ్చింది పదకొండో నెల అన్నారు, మన క్యాలెండర్‌లో డిసెంబరు. అషిబి పూసేది ఫిబ్రవరి చివర్నుంచి ఏప్రిల్ దాకా. ఇవాళ ఆఫీసులో ఒక పెద్దాయనని కూడా అడిగాను. నారా పార్కులో జింకలు అన్ని మొక్కలూ మేసేసినా దీన్ని మాత్రం ముట్టుకోవట, విషం కదా. అందుకే అక్కడ అడవిలా పెరిగిపోయింది. తెల్లగా, చిన్న చిన్న గంటల్లా గుత్తులుగా ఉంటుంది.

శారదక్క | మంగళవారం, రాత్రి 10:52

అయితే సమాధి మార్చింది మరుసటి ఏడు వసంతంలో అన్నమాట. చలికాలమంతా అతను ఇంకెక్కడో ఉన్నాడు. రెండేళ్ళుగా చదువుతున్నాను, నాకిది తట్టలేదు నాయనా.

పూసినప్పుడు ఒక ఫొటో పెట్టు.